దూరం నుంచి చూసిన స్త్రీలు



ముందుగా ఒక చిన్న ప్రశ్న. గుడ్ ఫ్రైడే నాడు మన చర్చిల్లో పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీద ఏడు మాటలు ధ్యానిస్తాం కదా. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు వాక్యం చెబుతారు, మధ్యమధ్యలో పాటలు పాడతాం. ఆ ఏడు మాటలూ ఏ సువార్తలో ఉన్నాయో చెప్పగలరా?

ఏ ఒక్కదానిలోనూ లేవు. లూకాలో మూడున్నాయి, యోహానులో వేరే మూడున్నాయి. మార్కు, మత్తయి రాసింది ఒక్కొక్క మాటే, అదీ ఇద్దరిదీ ఒకటే: దేవుడు తనను ఎందుకు విడిచిపెట్టాడని యేసు వేసిన కేక. నాలుగు పుస్తకాలు కలిపి మనం ఏడు చేసుకున్నాం.

క్రిస్మస్ కూడా అంతే. గొర్రెల కాపరులు లూకాలో ఉన్నారు, జ్ఞానులు మత్తయిలో ఉన్నారు. మన సండే స్కూల్ పిల్లల నాటకంలో మాత్రం అందరూ ఒకే పశువుల పాక ముందు మోకరిస్తారు. మార్కులోనూ యోహానులోనూ అసలు పుట్టుక కథే లేదు. నా వయసు వాళ్ళమంతా 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చూస్తూ పెరిగాం. యేసు అనగానే విజయచందర్ గారి ముఖమే కళ్ళ ముందుకొస్తుంది. అందులోనూ నాలుగు సువార్తలు కలిసి ఒకే కథ అయ్యాయి. అలా కలిపి చెప్పుకోవటం తప్పని నేననను. కానీ విడివిడిగా చదివితే ఏం దొరుకుతుందో మీతో చెప్పాలని ఉంది.

ఇక్కడ ధహ్రాన్‌లో చర్చి భవనాలు లేవని మీకు తెలుసు. శుక్రవారం వారాంతపు సెలవు, కానీ మా నర్సులకు డ్యూటీ రోస్టర్ ఏం చెబితే అదే సెలవు. అందుకని ఈ లెంట్ దినాల్లో మేం నలుగురం ఆడవాళ్ళం ఒక ఒప్పందం చేసుకున్నాం. వారానికి ఒక్క సువార్త, ఎవరింట్లో వాళ్ళం చదవాలి. ఆ వారం మిగతా మూడింటి జోలికి వెళ్ళకూడదు. చదివింది ఫోన్లో మాట్లాడుకోవాలి.

మొదట మార్కు చదివాం. చాలా చిన్న పుస్తకం, ఒక్క నైట్ డ్యూటీ బ్రేకుల్లో అయిపోయేటంత. ఇందులో యేసు ఎప్పుడూ పరుగు మీదే ఉంటాడు. అలిసిపోయి పడవలో తలగడ మీద నిద్రపోతాడు. ఆ తలగడ సంగతి మార్కు ఒక్కడే రాశాడు. సొంత ఊళ్ళో కొద్దిమంది రోగుల్ని బాగుచేయటం తప్ప ఆయన పెద్ద అద్భుతాలేవీ చేయలేకపోయాడని కూడా దాచకుండా రాశాడు.

మత్తయిలో యేసు గురువు. కొండ మీద కూర్చుని బోధిస్తాడు. పసివాడుగా ఉన్నప్పుడే తల్లిదండ్రులతో పరాయి దేశమైన ఐగుప్తుకు రాత్రికి రాత్రి పారిపోయింది కూడా ఈ పుస్తకంలోనే. అది చదివినప్పుడు మాలో ఒకామె, “అక్కా, మనకన్నా ముందే వలస వెళ్ళాడు” అంది.

లూకాలో ఆడవాళ్ళు ఎక్కువ కనిపిస్తారు. నాయీను విధవరాలి కథ ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. యేసును పట్టుకోవటానికి వచ్చిన రాత్రి ఒకడి చెవి తెగిందని నలుగురూ రాశారు, ఆ చెవి బాగుచేశాడని రాసింది మాత్రం లూకాయే.

యోహానులో యేసుకు అన్నీ ముందే తెలుసు. ఆ రాత్రి తోటలో ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడండి. మార్కులో నేల మీద పడేది యేసే, ఈ గడియ తప్పిపోవాలని ప్రార్థిస్తూ. యోహానులో ఆ ప్రార్థన లేదు. అక్కడ నేల మీద పడేది ఆయన్ని పట్టుకోవటానికి వచ్చినవాళ్ళు. మిగతా ముగ్గురిలో సిలువ మోయటానికి కురేనీయుడైన సీమోనును పట్టుకొస్తారు. యోహానులో తన సిలువ తానే మోసుకుపోతాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక్క తేడా నా గుండెకి తగిలింది. యోహానులో యేసు తల్లి సిలువ దగ్గరే నిలబడి ఉంటుంది. కొడుకు ఆమెతో మాట్లాడతాడు, ఆమెను ఎవరు చూసుకోవాలో చెబుతాడు. మత్తయి, మార్కు, లూకాల్లో ఆడవాళ్ళు దూరం నుంచి చూస్తూ ఉంటారు. దూరం నుంచే. వాళ్ళతో ఆయన ఒక్క మాటా మాట్లాడడు.

మూడేళ్ళ క్రితం మా నాన్న కోనసీమలో మా ఇంట్లోనే పోయారు. నాకు సెలవు, ఎగ్జిట్ రీ ఎంట్రీ కుదిరేలోపే భూస్థాపన అయిపోయింది. ఐసీయూలో ఎంతమందికో చివరి గడియలో చెయ్యి పట్టుకున్న నేను, మా నాన్నను వీడియో కాల్లో చూశాను. చెల్లి ఆయన పక్కనే ఉంది. ప్రశాంతంగా వెళ్ళిపోయారని, అమ్మను చూసుకోమని తనకి అప్పగించారని చెప్పింది. తమ్ముడేమో ఆయాసంతో చాలా బాధపడ్డారని, ప్రభువా ఎందుకిలా అని ఏడ్చారని రెండు నెలల తర్వాత నాకొక్కదానికే చెప్పాడు. ఆదరణ కూటంలో చెల్లి చెప్పిందే అందరికీ చెప్పారు. నాలో ఒక్కటే తిరిగేది: ఇద్దరిలో ఎవరిది నిజం? దగ్గర లేనిదాన్ని, నేనెలా తేల్చుకోను?

యోహాను మీద మార్కును నెగ్గించక్కర్లేదని ఈ చదువులో తెలిసింది. చెల్లి చూసిన గడియ చెల్లిది, తమ్ముడు చూసిన గడియ తమ్ముడిది. మా నాన్న ఏడ్చారంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. మార్కు, మత్తయి ఇద్దరూ యేసు నోట ఆ ఒక్క కేకనే ఉంచారు కదా!

ఇలా తేడాలు వెతికితే విశ్వాసం పాడవదా అని ఒక పెద్దావిడ మమ్మల్ని అడిగారు. సరైన ప్రశ్నే. ఒక పాత సంగతి చెప్పాను. రెండో శతాబ్దంలో తాతియాను అనే ఆయన నాలుగు సువార్తలూ కలిపి, తేడాలు సర్దేసి ఒకే కథగా రాశాడు. దాని పేరు దియాతెస్సరోను. సిరియా ప్రాంతపు సంఘాల్లో చాలాకాలం దాన్నే చదివారు. అయిదో శతాబ్దంలో థియొదొరేతు అనే బిషప్పు తన ప్రాంతంలో రెండు వందలకు పైగా ప్రతులు పక్కన పెట్టించి, వాటి బదులు నాలుగు సువార్తలు పెట్టించాడు. సాఫీగా ఉన్న ఒక్క కథ చేతిలో ఉండి కూడా సంఘం ఒకదానితో ఒకటి పూర్తిగా కలవని నాలుగింటినే ఉంచుకుంది. మనమెందుకు భయపడాలి?

తేడాల మధ్య నాలుగూ కలిసే చోటు ఒకటుంది. సమాధి దగ్గరకు తెల్లవారుజామున ముందుగా వెళ్ళింది ఆడవాళ్ళే. ఎంతమందన్నది మాత్రం ఎవరి లెక్క వాళ్ళది. మార్కులో ముగ్గురి పేర్లు, మత్తయిలో ఇద్దరివి, లూకాలో ఇంకా కొందరు, యోహానులో మగ్దలేనే మరియ ఒక్కతే. మార్కులో ఆ వెళ్ళినవాళ్ళెవరో చూడండి: శుక్రవారం దూరం నుంచి చూసినవాళ్ళే. దూరంగా ఉన్నారని వాళ్ళ సాక్ష్యాన్ని ఎవరూ కొట్టేయలేదు. ఆ రోజు సిలువ దగ్గర ఏం జరిగిందో మార్కులో చూసినవాళ్ళుగా పేర్లతో ఉన్నది వాళ్ళే.

అయినవాళ్ళ చావుని ఫోన్లో చూసిన అక్కచెల్లెళ్ళు మన గ్రూపుల్లో చాలామంది ఉన్నారు. మీకు నా మనవి ఒక్కటే. వచ్చే గుడ్ ఫ్రైడేకి ఏడు మాటలు వినే ముందు మార్కు పదిహేనో అధ్యాయం ఒక్కటే చదవండి. ఓదార్పు కోసం వెంటనే యోహానులోకి వెళ్ళిపోకండి. ఆ ఆడవాళ్ళ దగ్గర కాసేపు ఆగండి. ఇంటి దగ్గరున్న చెల్లెళ్ళు, వదినలు కూడా ఇది చదువుతుంటే, దూరంగా ఉన్నవాళ్ళకి మంచి గడియలతో పాటు కష్టమైన గడియలూ చెప్పండి. మేం తట్టుకుంటాం.