పొద్దు గుంకే లోపల యూక్లా

పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్స్‌మన్ పట్టణం నుండి గుడారం సామాను కారులో వేసుకొని తూర్పుగా బయలుదేరే యాత్రికుడు, బండి కదిలించక ముందే ఒక లెక్క వేసుకోవలసి ఉంటుంది. ఆనాటి మజిలీ యూక్లా. దూరం ఇంచుమించు 710 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ముంబయి ఎంతో అంత. జూన్, జూలై మాసాలు అక్కడ చలికాలం కనుక పగటి వెలుగు పది గంటలు మాత్రమే. అందులోనూ తూర్పుకు పోయే కొద్దీ సూర్యుడు ముందుగా అస్తమిస్తాడు. ఈ రెండు ఊళ్ల నడుమ ఆ తేడా దాదాపు అరగంట. మిగిలినది తొమ్మిదిన్నర గంటలు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో నడిపినా స్టీరింగు ముందే ఎనిమిది గంటలు గడిచిపోతాయి. పెట్రోలుకూ, భోజనానికీ, దారిలో చూడదగిన వింతలకూ కలిపి దక్కేది గంటన్నర.

పొద్దుతో ఇంత పందెం ఎందుకంటే, కారణం కంగారూలు. పగలంతా పొదల నీడన పడుకొనే ఈ జంతువులు సంధ్యవేళ మేతకు రోడ్డు పక్కకు చేరతాయి. దీపాల వెలుగుకు బెదిరి, ఏ దిక్కుకు దూకుతాయో తెలియకుండా దూకుతాయి. నిండు మనిషి బరువున్న కంగారూ వచ్చి తగిలితే కారు ముందుభాగం నుజ్జవుతుంది. మరమ్మతు చేయగలవాడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. అందువలననే అద్దె కార్ల కంపెనీలు అనేకం ఊరు దాటిన తరువాత రాత్రిపూట నడపరాదని ఒప్పందంలోనే వ్రాసుకొంటాయి.

ఈ దారి పేరు ఐర్ హైవే. నార్స్‌మన్ నుండి దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆగస్టా వరకు సుమారు 1,660 కిలోమీటర్లు సాగుతుంది. దీని మొత్తం పొడవునా తారు పడినది 1976లో. దారికి ఉత్తరంగా పరచుకొన్న మైదానానికి నల్లార్‌బోర్ అని పేరు. లాటిన్ భాషలో ‘చెట్టు లేనిది’ అని అర్థం. ఆ పేరు విని బోడినేలను ఊహించుకొని వచ్చినవాడు మొదటి గంటలలో కొంత నిరాశ పడతాడు. అసలైన చెట్టులేని నేలలో రోడ్డు పోయేది కొద్ది దూరమే. మిగిలిన చోట్ల యూకలిప్టస్ చెట్లూ, ఉప్పునేల పొదలూ వెంట వస్తూనే ఉంటాయి. కొరత చెట్లకు కాదు, నీటికి. నేలంతా సున్నపురాయి. కురిసిన కొద్దిపాటి వాన పగుళ్లలోకి ఇంకిపోతుంది. పైన ఏరు లేదు, చెరువు లేదు. దారిలోని విడిది కేంద్రాలు పెట్రోలు అమ్ముతాయి, పడక ఇస్తాయి గాని, నీళ్ల డబ్బాలు ఇక్కడ నింపుకోవద్దని బోర్డులు పెడతాయి. తాగే నీరు వెంట తెచ్చుకోవలసిందే.

190 కిలోమీటర్ల తరువాత బల్లడోనియా. 1979 జూలైలో అమెరికా వారి స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం ముక్కలై ఈ ప్రాంతంలోనే రాలింది. అది నెత్తిన పడుతుందని ఆ రోజులలో మన దేశంలోనూ జనం ఎంతగా హడలిపోయారో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. దక్షిణంగా ఉన్న ఎస్పరెన్స్ పట్టణ పాలకులు మాత్రం, చెత్త పారవేసినందుకు 400 డాలర్ల జరిమానా అని అమెరికా అంతరిక్ష సంస్థకు చీటీ వ్రాసి ఇచ్చారు!

బల్లడోనియా దాటిన కొంతసేపటికి మొదలయ్యే రోడ్డు 146.6 కిలోమీటర్ల పర్యంతం ఎక్కడా వంపు తిరగదు. హైదరాబాదు నుండి వరంగల్లు దాకా స్టీరింగు తిప్పకుండా పోవడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎదుట ఎండమావి, అందులో తేలుతున్నట్లు కనిపించే చుక్క ఒకటి చాలాసేపటికి గాని లారీగా మారదు. ఎదురైన డ్రైవరు స్టీరింగు మీది నుండి ఒక వేలు పైకెత్తుతాడు. అదే పలకరింపు. ఒకచోట రోడ్డు హఠాత్తుగా వెడల్పై, దాని మీద తెల్లని పట్టీలు కనిపిస్తాయి. అది ఫ్లయింగ్ డాక్టర్ విమానం దిగే చోటు. ప్రమాదం జరిగితే ఇక్కడ వైద్యుడు ఆకాశమార్గాన వచ్చి ఈ రోడ్డు మీదనే దిగాలి. కునికిపాట్లు పడుతున్నవానికి ఆ పట్టీలు చేసే హెచ్చరిక మరే బోర్డూ చేయలేదు.

ఈ దారికి పేరు వచ్చిన ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1841లో ఎదురు దిశ నుండి, తూర్పు నుండి పడమరకు, ఈ తీరాన్ని దాటాడు. వెంట జాన్ బాక్స్‌టర్ అనే తెల్లవాడూ, ముగ్గురు ఆదివాసీ యువకులూ ఉన్నారు. దారిలో ఇసుక తవ్వితే నీరు పడే చోట్లను స్థానిక ఆదివాసీలు చూపించారు. అది లేనిచోట ఐర్ తెల్లవారుజామున ఆకుల మీది మంచును స్పాంజితో అద్ది పిండుకొన్నాడు. ఏప్రిల్ 29 రాత్రి, నేటి కైగునాకు దక్షిణాన, ఇద్దరు యువకులు బాక్స్‌టర్‌ను కాల్చి చంపి సరుకులతో వెళ్లిపోయారు. మిగిలిన వైలీ అనే యువకునితో కలిసి ఐర్ నడక సాగించాడు. ఎస్పరెన్స్ సమీపంలో లంగరు వేసిన ఒక ఫ్రెంచి తిమింగలాల ఓడ వారికి అన్నం పెట్టింది. జూలై 7న ఇద్దరూ ఆల్బనీ చేరారు. రహదారికి ఐర్ పేరు పెట్టారు; చివరి దాకా విడువని వైలీ పేరు కూడా ఎక్కడో చేర్చి ఉంటే బాగుండేది.

కైగునాలో వంపు వస్తుంది. ఆ కాస్త వంపుకే చేతులు సంతోషిస్తాయి. ఆ ఊరు దాటగానే గడియారాన్ని 45 నిమిషాలు ముందుకు తిప్పుకోమని బోర్డు. ప్రభుత్వం గుర్తించిన కాలం కాదిది. రాష్ట్ర సరిహద్దు దాకా ఉన్న కొద్దిమంది తమ పొద్దుకు తగినట్లు తామే ఏర్పరచుకొన్నది. తెలియనివాడు ముప్పావు గంట పోయిందని కంగారు పడతాడు గాని, సూర్యునికి ఈ బోర్డుతో పనిలేదు.

మదూరా వద్ద రోడ్డు పీఠభూమి నుండి కిందికి దిగుతుంది. సముద్రం వైపు పరచుకొన్న పల్లపు మైదానం ఒక్కసారిగా కంటికి ఆనుతుంది. ఆ రోజంతటిలో బండి ఆపి చూడక తప్పని దృశ్యం ఇదే. 1876లో ఈ చోటును నెలకొల్పినది, భారతదేశంలోని బ్రిటిషు సైన్యానికి గుర్రాలను పెంచడానికి! వాయవ్య సరిహద్దులో స్వారీ చేసే సైనికుల కోసం ఇక్కడ పెరిగిన గుర్రాలు యూక్లా రేవులో ఓడ ఎక్కేవి.

యూక్లా చేరేసరికి నీడలు పొడుగుసాగుతాయి. సున్నపురాతి నేలలో గుడారం మేకులు సులభంగా దిగవు. రాయి తెచ్చి కొట్టాలి. వెలుగు ఇంకా ఉంటే నాలుగు కిలోమీటర్లు దిగువకు వెళ్లి పాత తంతి కార్యాలయం చూడవచ్చు. 1877లో పెర్త్‌ను అడిలైడ్‌తో కలిపిన తంతి ఇక్కడ చేతులు మారేది. రెండు వలసల వారి మోర్స్ సంకేతాలు వేరు కావడంతో, ఒకవైపు గుమాస్తా వార్తను కాగితం మీద వ్రాసి బల్లకు అవతల కూర్చున్నవానికి అందించేవాడు. 1890లలో కుందేళ్ల దండు వచ్చి ఇసుకను పట్టి ఉంచిన మొక్కలను మేసివేసింది. 1927లో కార్యాలయం మూతపడింది. ఇప్పుడు మొండిగోడలు తెల్లని ఇసుకతిన్నెలలో సగం మునిగి ఉన్నాయి.

మరుసటి మజిలీ సెడునా, ఇంకా 490 కిలోమీటర్లు. పండ్ల ఈగ వ్యాపించకుండా అక్కడ బండ్లను సోదా చేసి పండ్లూ, కొన్ని కూరగాయలూ తీసివేస్తారు. అందుకని యూక్లాలో ఆ రాత్రి వెలిగే స్టవ్వుల మీద, మిగిలిన టమాటాలన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతూ ఉంటాయి.