సైకిలు అద్దె

మా పెద్దవాడు చదివిన ఇంజనీరింగ్ కళాశాలకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. 2012లో వాడు చేరిన ఏడాదే అది పుట్టింది. 2022లో మా చిన్నవాడు అదే కళాశాల నుండి పట్టా పుచ్చుకుని బయటికి వచ్చేనాటికి దాని ఆనవాలు కూడా లేదు. ఈ పదేళ్ల కథను మేము చాలాకాలం ఒక విధంగా చెప్పుకుంటూ వచ్చాము. 2024లో ఈద్ తర్వాత దాన్ని మరో విధంగా చెప్పుకోవలసి వచ్చింది.

మేము ఉండేది ఏఎస్ రావు నగర్‌లో. ఈసీఐఎల్ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరున వెలసిన కాలనీ కావడం వల్లనో ఏమో, ఇక్కడ చదువుకున్న మర్యాద ఆటకు లేదు. సాయంత్రమైతే వీధిలో ట్యూషన్లకు వెళ్లే పిల్లల సందడే. అటువంటి చోట మా వాడు మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికి వచ్చిన మొదటి రోజున మేము సంతోషించలేదన్నది నిజం.

సంతోషించినవారు పిల్లల దాదాగారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. 1950లలో ఆయన కుర్రవాడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు పేరెత్తితే చాలు, ఆయన పళ్లెంలో అన్నం చల్లారిపోయేది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును ఆ జట్టే గెలుచుకుంది. ఆ జట్టుకు శిక్షకులైన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ బడిపంతులుగా జీవితం మొదలుపెట్టినవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పిల్లలకు ఆయన పెట్టే పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒక దానిలో బంతిని కాళ్ల దగ్గర ఆడించకూడదు, వచ్చినది వచ్చినట్టే తోటివాడికి అందించాలి. మరో దానిలో అలవాటు లేని కాలితోనే తన్నాలి.

దాదాగారు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది మా పక్కనే ఉన్న అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం గురించి. అతనిలో పనితనం చూసి రహీం సాహెబ్ రమ్మన్నారట. రోజూ నగరానికి వచ్చిపోయే స్తోమత లేదని అతను వెనుకాడితే, సైకిలు అద్దెకు ఆయనే డబ్బులిచ్చి రప్పించారట. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ చేశాడు. "జట్టంటే ఏమనుకున్నారు? సైకిలు అద్దె!" అని దాదాగారు నవ్వేవారు. మేము ఇంకా మొహం ముడుచుకుంటే, ఒంటికి కూడా మన మీద హక్కుందని దైవప్రవక్త (స) అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)కు బోధించిన సంగతిని గుర్తుచేసేవారు. ఆ మాట తర్వాత ఎదురు చెప్పడానికి మాకేమీ మిగిలేది కాదు.

కళాశాలలో ఆ జట్టును తయారుచేసినది వ్యాయామ శిక్షకులు. ఒప్పందం మీద పనిచేసే ఆయనను పిల్లలు 'పీడీ సార్' అనేవారు. రహీం సాహెబ్ శిష్యుల శిష్యుల వద్ద ఆట నేర్చినవారట. వారానికొకసారి అందరినీ ఎడమకాలితోనే ఆడించేవారు. మొదటి ఏడాది జట్టు ఆడిన ప్రతి పోటీలోనూ ఓడింది. రెండో ఏడాది రెండు గెలిచింది. 2015లో అంతర కళాశాలల పోటీలో ఫైనల్ దాకా వెళ్లి, అదనపు సమయంలో ఓడింది. ఆ ఏడాది రంజాన్ జూన్‌లో మొదలైంది. సార్ అభ్యాసాన్ని ఇఫ్తార్‌కు అరగంట ముందుకు మార్చి, పరుగులు మాన్పించి, నిలబడి బంతి అందించుకోవడం మాత్రమే నేర్పారు. గోల్‌కీపర్ వాళ్లమ్మగారు ఇఫ్తార్‌కని ఒకరోజు క్యాను నిండా ఉలవచారు పంపించారు. ఖర్జూరం తర్వాత ఉలవచారు తాగినవారిని మేము మళ్లీ చూడలేదు.

2016 ఫిబ్రవరిలో సెమీఫైనల్ వచ్చింది. మా వాడు నాలుగో ఏడాదిలో ఉన్నాడు, జట్టు నాయకుడు. ఆ సోమవారమే కళాశాలకు ఒక కంపెనీ ఉద్యోగాలకు ఎంపిక చేయడానికి వస్తోంది. శనివారం, ఆదివారం అమీర్‌పేటలో ప్రత్యేక తరగతులు. ఆట ఆదివారం. వెళ్లవద్దన్నాము. అంతటితో ఆగలేదు. ఆఖరి ఏడాదిలో ఉన్న మరో నలుగురి తల్లిదండ్రులకు ఫోన్ చేసి, మీ పిల్లవాణ్ణి కూడా పంపకండి, భవిష్యత్తు పాడవుతుందని చెప్పాము. వారూ మాలాంటివారే, విన్నారు. ఆ రోజు జట్టు తొమ్మిది మందితో ఆడి ఐదు గోల్స్ తేడాతో ఓడిందని తర్వాత తెలిసింది. ఆ కంపెనీలో మావాడికి ఉద్యోగం రాలేదన్నది వేరే సంగతి. ఏడు నెలల తర్వాత మరోచోట దొరికింది.

ఆ తర్వాత దిగుదల త్వరగానే జరిగింది. మరుసటి ఏడాది సార్ ఒప్పందాన్ని కళాశాల పొడిగించలేదు. మైదానంలో సగం కొత్త భవనానికి, మిగిలింది బస్సులు నిలపడానికి పోయింది. 2018లో చిన్నవాడు చేరినప్పుడు జట్టు కోసం పేర్లడిగితే తొమ్మిది వచ్చాయి. 2019లో పదకొండు మంది కుదరక పోటీ నుండి తప్పుకున్నారు. కరోనా వచ్చాక ఆ తొమ్మిది పేర్లూ లేవు. యాజమాన్యానికి ఆట విలువ తెలియదని మేము వచ్చిన చుట్టాలందరికీ చెప్పాము.

మనసుకు సర్దిచెప్పుకోవడానికి ఒక ఉదంతం కూడా ఉండేది. దైవప్రవక్త (స) వారి ఒంటె అద్బా పందెంలో ఓటమి ఎరుగదు. ఒకనాడు ఒక ఎడారివాసి ఎక్కివచ్చిన పడుచు ఒంటె దాన్ని దాటిపోయింది. సహాబాలకు కష్టం తోచింది. లోకంలో పైకెదిగిన ప్రతిదాన్నీ అల్లాహ్ కిందికి దించుతాడని ప్రవక్త (స) వారికి నచ్చజెప్పారు. ఎదిగింది, దిగింది, అంతే కదా అనుకున్నాము. రహీం సాహెబ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో మరణించారు. ఆయన నేర్పిన ఊపుతో కాబోలు, ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్లీ ఆ కప్పు రాష్ట్రానికి రాలేదు. అంతటివారి జట్టుకే అలా జరిగినప్పుడు మన పిల్లల జట్టెంత?

రహీం సాహెబ్ జీవితం మీద 'మైదాన్' అనే హిందీ చిత్రం 2024 ఈదుల్ ఫిత్ర్ నాటికి వచ్చింది. పండుగ తర్వాత ఒక రాత్రి పిల్లలు దాని గురించి మాట్లాడుకుంటున్నారు. దాదాగారు ఉంటే ఎంత సంబరపడేవారో అని చిన్నవాడు అన్నాడు. ఆయన 2017లోనే అల్లాహ్ సన్నిధికి చేరారు. పెద్దవాడు కాసేపు ఊరుకుని, "సార్‌కు ఆ రోజు జ్వరమని అబద్ధం చెప్పాను. మీరు ఆపారని చెప్పలేకపోయాను" అన్నాడు. ఎనిమిదేళ్లుగా దాన్ని మోస్తున్నాడు. మా పరువు కాపాడటానికి మా బిడ్డ అబద్ధమాడాడు. అద్బాను మరో ఒంటె ఓడించింది. మా పిల్లల జట్టును ఎవరూ ఓడించలేదు, ఆడవలసినవారిని మేమే తీసుకుపోయాము. కళాశాల చేసినది ఆ తర్వాతే.

సార్ మౌలాలీలో ఉంటున్నారని తెలిసి ఇద్దరమూ వెళ్లాము. ఇంట్లో లేరు. కాప్రా వైపు ఒక ఖాళీ స్థలంలో చిన్న పిల్లలకు ఆట నేర్పుతున్నారు. జరిగింది చెప్పాము, ఫోన్ల సంగతి కూడా దాచలేదు.

"ఐదుగురికీ ఒకే ఆదివారం జ్వరం వస్తుందా అండీ? నాకప్పుడే తెలుసు" అన్నారాయన. "మీవాడు ఫోన్‌లో ఏడ్చాడు. జ్వరానికి ఎవరూ ఏడవరు." తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఒక పిల్లవాడు కుడికాలితో తన్నబోతే కేక వేసి ఆపారు. చివరకు, "ఇప్పుడు ఆడుతున్నాడా?" అని అడిగారు.

లేదన్నాము. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నడుము నొప్పి తెచ్చుకున్నాడని చెప్పాము.

"ఆదివారం ఆరున్నరకు పంపండి. ఇక్కడ ముప్పై మంది ఉన్నారు, నేనొక్కణ్ణే."

ఆ ఆదివారం ఫజ్ర్ తర్వాత ఇంట్లో ఆట బూట్ల కోసం వెతికాము. అటక మీదా లేవు, మంచం కిందా లేవు. వాడు కళాశాల వదిలిన ఏడాది వాటిని మేమే ఎవరికో ఇచ్చేశామని అప్పుడు గుర్తొచ్చింది. వాడు ఆఫీసుకు వేసుకునే బూట్లతోనే వెళ్లాడు.