ఏడ్చే పెట్టె

ఖర్చు తగ్గించబోతే కొత్త ధ్వని పుట్టిందంటే నమ్ముతారా? 1966లో అమెరికాలోని థామస్ ఆర్గాన్ కంపెనీలో అదే జరిగింది. వోక్స్ యాంప్లిఫయర్‌లోని ఖరీదైన స్విచ్ తీసేసి చవకైన నాబ్ పెట్టబోయాడు ఇంజనీరు బ్రాడ్ ప్లంకెట్. అది తిప్పుతుంటే 'వా... వా' అనే ధ్వని వచ్చింది! దాన్ని ఆర్గాన్ వాల్యూమ్ పెడల్‌లో బిగించారు. 1967లో ట్రంపెట్ విద్వాంసుడు క్లైడ్ మెకాయ్ పేరుతో అమ్మారు. ఎగబడింది మాత్రం గిటారిస్టులు!

మా తమ్ముడి దగ్గరా అలాంటిదొకటుంది. అమ్మ కుట్టుమిషన్ తొక్కినట్టే తొక్కుతాడు. మడమ నొక్కితే బొంగురు, మునివేళ్లు నొక్కితే కీచు. బ్యాంకు ఉద్యోగం మానేసి ఆర్కెస్ట్రాలో చేరతానన్న రోజు నుంచీ నాన్న వాడితో మాట్లాడటం లేదు.

మొన్న మాత్రం పేపరు చాటు నుంచి నన్నడిగారు... 'ఆ ఏడ్చే పెట్టె ఖరీదెంతమ్మా?'

నేను చెప్పలేదు. వాణ్నే అడగమన్నాను.