కాళ్ళ కింద చెమ్మ

పాత కారును చూడవచ్చినవారు ముందుగా దాని రంగును చూస్తారు. ఆపైన బానెట్టు ఎత్తించి ఇంజను చప్పుడు వింటారు. మరికొంత జాగ్రత్తపరులైతే టైర్ల అరుగుదలను వేలితో తడిమి చూస్తారు. లోపల కూర్చునేవారి పాదాల కింద ఏమున్నదో పరీక్షించేవారు మాత్రం అరుదు. అక్కడ తివాచీ ఉంటుంది. తివాచీ ఉన్నచోట దాని కింద నేల కూడా ఉండే ఉంటుందని అందరి నమ్మకం. విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్‌లో నివసించే ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ఆ నమ్మకంతోనే తన అంబాసిడర్ కారును నడిపారు. రుజువు లేనిదే ఏ సిద్ధాంతాన్నీ అంగీకరించవద్దని తరగతిలో పిల్లలకు బోధించిన మనిషి ఆయన!

ఆ కారు 1988 నాటిది. 1996లో ఆయన దానిని రెండవ చేతి బండిగా కొన్నారు. ఇంగ్లండులో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనాను తీసుకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో అంబాసిడర్‌ను తయారుచేశారు. 1950ల చివరి సంవత్సరాలలో మొదలైన ఆ ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ముందు వరుసలో ముగ్గురు పట్టే పొడవాటి సీటు, స్టీరింగు కింద గేరు కడ్డీ, ఎడమకాలితో తొక్కితే దీపం వెలుగును కిందికి దించే మీట. ఇవన్నీ ఆ కాలం బండ్లకు గుర్తులు. మాస్టారికి ఆ బండి అంటే గౌరవం. ఆదివారం నాడు దానిని కడిగి తుడవడం ఆయన నియమాలలో ఒకటి.

ముందు సీటులో ఎడమవైపు ఆయన భార్య కూర్చునేది. వానాకాలంలో ఎప్పుడు ప్రయాణం చేసినా ఆమెది ఒకటే ఫిర్యాదు. “ఏమండీ, కాళ్ళ కింద చెమ్మగా ఉన్నదండీ” అనేది. ఒకసారి, “నీళ్ళ సీసా మూత సరిగా బిగించలేదేమో చూడు” అని ఆయన సమాధానం. మరొకసారి, “తడి గొడుగు కాళ్ళ దగ్గర పెట్టుకుంటే చెమ్మ కాక మరేముంటుంది?” అన్నారు. కొన్నాళ్ళకు ఆయన ఒక దళసరి రబ్బరు పరుపు తెచ్చి, తివాచీ మీద పరిచి, సమస్య తీరిందని తేల్చారు. నిజమే, ఆమె పాదాలకు చెమ్మ తగలడం మానింది. అయితే కింద చేరిన తడి ఆరడానికి ఉన్న ఒక్క దారీ ఆ రబ్బరుతో మూసుకుపోయింది. ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ తెలియదు.

2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత వానకు బుడమేరు పొంగింది. వెలగలేరు దిగువన గట్లకు గండ్లు పడి, సెప్టెంబరు 1 నాటికి సింగ్ నగర్ నీట మునిగింది. బెజవాడ దుఃఖదాయని అని ఆ ఏటికి ఉన్న పేరు మరోసారి సార్థకమైంది. మాస్టారి దంపతులు మేడ మీద అద్దెకున్నవారి వాటాలో తలదాచుకున్నారు. అక్కడి నుంచి చూస్తే కారు పైకప్పు, అద్దాలలో సగం మాత్రమే కనిపించేవి. కొన్ని దినాలకు నీరు తీసింది. ఇల్లు కడుక్కున్నారు. ఆ తరువాత మెకానిక్కు వచ్చి ఇంజను ఆయిలు మార్చి, బురద కడిగి, ఎన్నో తంటాలు పడి బండిని మళ్ళీ కదిలించాడు. సీట్లు ఎండలో ఎండాయి. అంతా బాగున్నట్లే కనిపించింది, ఒక్క వాసన తప్ప.

ఆ వాసన వర్ణించదగినది కాదు. తడిసిన గోనెసంచీ, చెరువు అడుగు బురద, నిలవ పచ్చడి కలిసినట్లుండేది. మాస్టారు కర్పూరం బిళ్ళలు పెట్టారు. సాంబ్రాణి వేశారు. వంటసోడా చల్లి మరునాడు చీపురుతో ఊడ్చారు. రెండు రోజులు తగ్గినట్లనిపించి మూడవనాడు మళ్ళీ వచ్చేది. తెల్లవారు జామున అద్దాలకు లోపలివైపు మంచు పట్టినట్లు ఆవిరి కమ్మేది. తివాచీ మీద చేయి పెడితే పొడిగానే ఉండేది. చిక్కంతా అక్కడే ఉన్నది. తివాచీ కింద మెత్తదనం కోసం, చప్పుడు తగ్గడం కోసం జనపనారతో చేసిన దళసరి పొర ఒకటి పరుస్తారు. నీరు తాకితే అది స్పంజిలా పీల్చుకొని నెలల తరబడి వదలదు. పైన పొడి, లోపల తడి.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఫోనులో, “నాన్నగారూ, ఇంకెందుకండీ దానికి సేవ! పాత ఇనుము కింద ఇచ్చేయండి” అన్నాడు. మాస్టారు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మరునాడు బండి తీసుకొని ఆటోనగర్ వెళ్ళారు.

మొదట అడిగిన దుకాణంలో, పాతదాని మీదే కొత్త తివాచీ వేసి గంటలో బండి ఇస్తామన్నారు. ధర కూడా తక్కువే. రెండవచోట సీట్ల పని చేసే ముసలి మేస్త్రి ఒకడు రబ్బరు పరుపు ఎత్తి, వంగి వాసన చూసి, “పాతది తీయకుండా నేను పని ముట్టనండి మాస్టారూ. కింద ఏముందో చూడకుండా పైన గుడ్డ కప్పితే నాకు నిద్ర పట్టదండి” అన్నాడు. అతని దగ్గర పని మూడు రోజులు, ఖర్చు ఎంతో ముందుగా చెప్పలేనన్నాడు. మాస్టారు కాసేపు ఆలోచించి తాళాలు అతనికే ఇచ్చారు.

సీటును బిగించిన బోల్టులు తుప్పుతో పట్టుకుపోయి ఉన్నాయి. వాటి మీద కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టవలసి వచ్చింది. ఉదయం సీట్లు బయటికి వచ్చాయి. తలుపుల దగ్గరి గుమ్మం పట్టీల మరలు విప్పి, మేస్త్రి తివాచీని చిరగకుండా నెమ్మదిగా ఎత్తాడు. ఎంత పాడైనా దానిని పారవేయరు. కొత్తది కత్తిరించడానికి అదే కొలత. కింది జనపనార పొర మాత్రం చేతిలోకి ముద్దలు ముద్దలుగా వచ్చింది. దానిలో ఒక పావలా నాణెం, ఆడపిల్ల జడపిన్ను, నాలుగు చింతగింజలు, ఒక సుద్దముక్క దొరికాయి. మాస్టారు వాటిని రుమాలులో మూటకట్టుకున్నారు.

మేస్త్రి స్క్రూడ్రైవరు పిడితో నేలరేకును అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుబారుతుంది. వెనుకవైపు, కుడివైపు ఖంగుమన్నాయి. ముందు ఎడమవైపు చప్పుడు లేదు. మొనతో కొంచెం ఒత్తగానే స్క్రూడ్రైవరు కిందికి దిగిపోయింది. ఆ పెచ్చులు ఊడదీస్తే అరచేయంత రంధ్రం. దాని గుండా దుకాణం నేల మీది ఇసుక కనబడింది.

“వరద ఎంత పని చేసింది!” అన్నారు మాస్టారు.

“ఇది వరద తుప్పు కాదండి” అన్నాడు మేస్త్రి. “వరదది అటు చూడండి, పసుపు పూసినట్లు పైపైన ఉంది. ఇది అప్పడంలా పొరలు పొరలుగా లేచింది. పదేళ్ళ పైమాటే. నీళ్ళు ఎక్కడినుంచో దిగుతున్నాయి.”

లెక్కల మాస్టారికి రుజువు కావాలి. మేస్త్రి కుర్రవాణ్ణి పిలిచి ముందరి అద్దం మీద గొట్టంతో నీళ్ళు పట్టించాడు. సీట్లు లేని బండిలో ఒక చెక్కపీట వేసుకొని, టార్చిలైటు పట్టుకొని మాస్టారు స్వయంగా కూర్చున్నారు. కొంతసేపు ఏమీ లేదు. తరువాత అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎడమ మూల నుంచి దారమంత సన్నని నీటిధార దిగి, డ్యాష్‌బోర్డు వెనుకగా జారి, సరిగా ఆ రంధ్రం దగ్గరికే చేరింది. ఎన్ని వానాకాలాలు ఆ ధార అట్లా దిగి ఉంటుందో లెక్కవేయడానికి ఆయనకు కాగితం అవసరం లేకపోయింది.

ఇక్కడొక విషయం చెప్పుకోవాలి. లారీకున్నట్లు అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి వరకు సాగే ప్రత్యేకమైన చట్రం అంబాసిడర్‌కు లేదు. నేలరేకు, గుమ్మాలు, స్తంభాలు, పైకప్పు కలిసికట్టుగానే బరువును మోస్తాయి. కనుక నేల తుప్పు పట్టడమంటే పాదాలకు బురద తగలడం మాత్రమే కాదు, బండి ఎముక మెత్తబడటం. పైగా వెనుక ఉన్న ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే పెట్రోలు గొట్టం కూడా ఆ నేల కిందనే సాగుతుంది. తివాచీ మీద తివాచీ వేసి గంటలో పంపుతామన్నవారికి ఇవన్నీ తెలియవని అనుకోలేము.

ఆ సాయంత్రం మాస్టారు బస్సులో ఇల్లు చేరేసరికి భార్య వంటగదిలో కరివేపాకు దూస్తున్నది.

“కారు నేలకు చిల్లు పడిందట” అన్నారాయన.

“ఎక్కడ?”

“ముందువైపు. ఎడమపక్కన.”

ఆమె పొయ్యి తగ్గించింది. “ఎన్నేళ్ళ నుంచట?”

“పదేళ్ళ పైనే అంటున్నాడు.”

ఆమె మరేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. భోజనానికి కూర్చున్న తరువాత ఆయనే, “నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే వినిపించుకోలేదు” అన్నారు. “పులుసు ఇంకొంచెం వేయనా?” అని అడిగింది ఆమె.

రెండవనాడు వెల్డింగు జరిగింది. ముందుగా బ్యాటరీ తీగలు విప్పారు. పెట్రోలు గొట్టాన్ని పరీక్షించి పక్కకు తప్పించి, దగ్గర ఇసుక బకెట్టు పెట్టుకున్నారు. తుప్పు తిన్న భాగాన్ని మంచి రేకు తగిలే వరకు కోసివేసి, దాని ఆకారానికి కొత్త రేకును వంచి అతికారు. వైరు బ్రష్షుతో నేలంతా రుద్ది, ఆ రోజే రెడాక్సైడు పూశారు. విజయవాడ గాలిలోని తేమకు శుభ్రపరిచిన ఇనుము తెల్లవారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. అతుకుల వెంట సీలెంటు, కిందివైపున రబ్బరు పూత వేశారు. ముందరి అద్దం ఊడదీసి కొత్త బీడింగు బిగించారు. అది చేయకుండా మిగిలినదంతా చేస్తే ఆ పదేళ్ళు మళ్ళీ మొదలయ్యేవే.

తివాచీ పని మూడవనాటికి మిగిలింది. జనపనారకు బదులు నీరు పీల్చని ఫోమ్ షీటు పరిచారు. పాతదానిని నేల మీద పరిచి, సుద్దతో గీసి కొత్త గుడ్డ కోశారు. అంచులకు రెగ్జిన్ పట్టీ కుట్టారు. సీటు బోల్టుల రంధ్రాలను మేస్త్రి కాల్చిన మేకుతో పొడిచాడు. డ్రిల్లు పెడితే నూలుపోగు దానికి చుట్టుకొని బారెడు దారం లేచివస్తుందట. క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు దగ్గర ముడత రాకుండా రెండుసార్లు విప్పి మళ్ళీ పరిచాడు. అక్కడ ముడత పడితే కాలి కింది మీట ఇరుక్కుపోయి ప్రాణం మీదికి వస్తుంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న గేరుపెట్టె మీద మాత్రమే జిగురు పూశాడు. చదునైన చోట ఎక్కడా పూయలేదు.

“ఊడిరాదా?” అని మాస్టారు అడిగారు.

“రావాలనేనండి. ఏడాదికోసారి ఎత్తి చూసుకోండి” అన్నాడు మేస్త్రి.

2025 వానాకాలంలో ఒక ఆదివారం, రాత్రంతా వాన కురిసి వెలిసిన తరువాత, దంపతులు గన్నవరంలో బంధువుల ఇంటికి బయలుదేరారు. ఆమె ఎడమవైపు కూర్చొని చెప్పులు విడిచింది. పాదం నేలకు ఆనించి కాసేపు అట్లాగే ఉంచింది. మాస్టారు తాళం తిప్పలేదు. ఆమె ముందుకు వంగి తివాచీ అంచు ఎత్తి, లోపలికి చేయి పోనిచ్చి తడిమింది. అరచేయి తిప్పి వెలుతురులో చూసుకున్నది. తరువాత అంచును యథాస్థానంలో సర్ది, “పదండి” అన్నది.