రాయవేలూరు యాత్ర

తెలుగునాట రాయవేలూరు పేరు వినని యిల్లు అరుదు. మా బంధువులలో నొకరి వైద్యమునకు తోడుగా, గడచిన వేసవి సెలవులలో మేమును అచ్చటికి బోయి పది దినము లుంటిమి. చిత్తూరు నుండి పోవు త్రోవ కాటుపాడి మీదుగా పాలారును దాటి యూరు జొచ్చును. ఏటిలో ఇసుక తప్ప నీరు గానరాలేదు. రాజు లేని కోట, దేవుడు లేని గుడి, నీరు లేని యేరు అని పూర్వ మీ యూరిని గూర్చి పరిహాసమాడెడివారట. కోటలోని జలకంఠేశ్వరాలయమున 1981లో స్వామిని మరల ప్రతిష్ఠించిరి గనుక, ఆ మాటలో నొక భాగ మిప్పుడు చెల్లదు. ఆ గుడి కల్యాణమండప స్తంభముల శిల్పము విజయనగర కాలపు పనితనమునకు సాక్ష్యము.

ఐడా స్కడ్డరు అను వైద్యురాలు 1900లో నొక్క మంచముతో నారంభించిన వైద్యశాల నేడు మహావృక్షమైనది. ఆమె 1918లో స్త్రీలకు వైద్యవిద్య గరపుటకు పాఠశాలను గూడ స్థాపించెను. ఆ వీధులలో నడుగడుగున తెలుగు మాటలే వినబడును.

మేము దిగిన సత్రములో మదనపల్లె ప్రాంతపు ముసలమ్మ యొకతె నెలల మనుమనితో నుండెను. "మా కాలంలో ఈ చుక్కల మందులు ఎక్కడివమ్మా? ఇంత పెరుగు నాకిస్తే చాలదా?" అని యామె మమ్మడిగినది. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మా యూరనే పుట్టియున్నది.

పసిబిడ్డల ప్రాణములు దీయు విరేచనములకు ముఖ్యకారణములలో రోటావైరస్ ఒకటి. చక్రమువలె నుండుటచే దాని కా పేరు వచ్చినది. 1973లో మెల్బోర్న్ నగరమున రూత్ బిషప్ అను విదుషీమణియు, ఆమె సహచరులును దానిని గనుగొనిరి. దీనికి నోటి చుక్కల టీకా గలదు. మన హైదరాబాదులో తయారగు రోటావాక్ టీకాను 2016లో ప్రభుత్వము మొదట నాలుగు రాష్ట్రములలో బిడ్డల కిప్పించెను. వానిలో ఆంధ్రప్రదేశ మొకటి. అయితే ధనికదేశముల బిడ్డలకు ఫలించినంతగా నీ చుక్కలు మన బిడ్డలకు ఫలించుట లేదు.

మన ప్రేవుల గోడలలో దేహరక్షణ చేయు కణములు కోట్లకొలది కాపురముండును. ప్రేవులలోని మంచి సూక్ష్మజీవులు వానిని మేలుకొలుపుచుండును. కాన నట్టి జీవులనే బిడ్డల కిచ్చినచో టీకా మిక్కిలి పట్టునేమో యని వేలూరి పండితులు పరీక్షించిరి. అయిదు వారముల వయసుగల 620 మంది శిశువులను నాలుగు జట్లుగా విభజించి, ఆరు వారములు కొందరికి లాక్టోబాసిల్లస్ జీజీ అను జీవులను, కొందరికి జింకును, కొందరికి రెంటిని, కొందరికి వట్టి పొడిని ఇచ్చిరి. ఫలితములు 2018లో వెలువడెను. రెండును బొందినవారిలో నూటికి 39 మందికి, ఏదియు బొందనివారిలో 27 మందికి టీకా పట్టెను. మేలు కొంత గానవచ్చినను, సూక్ష్మజీవుల వలననే యది కలిగెనని నిశ్చయముగా జెప్పుటకు లెక్క చాలలేదు. ఈ పరిశోధనలకు పేరొందిన గగన్‌దీప్ కాంగ్ గారు 2019లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఎన్నికైరి. స్త్రీజాతి కది గర్వకారణము.

సోదరీమణులారా, మన యింటి పెరుగులోని జీవులును, ఆ పరీక్షలో నిచ్చిన జీవులును ఒకటి గావు. పెరుగు పెద్దలకును, అన్నము దినెడి బిడ్డలకును మంచి యాహారమే. కాని యారు నెలలు నిండువరకు శిశువునకు తల్లిపాలే చాలును. ఆ పాలలోనే ప్రేవులలోని మంచి జీవులను బోషించు పదార్థము లున్నవి. ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో టీకా చుక్కలు తప్పక వేయింపవలెను. విరేచనములైనచో లవణముల పొడి గలిపిన నీరు త్రాగించుచు, జింకు మాత్రలకై ఆరోగ్యకేంద్రమునకు బోవలెను. ముసలమ్మకు మే మీ మాటలే చెప్పితిమి. మరునాడామె మనుమని టీకా కార్డు వెదకి తెచ్చి, తరువాతి చుక్క యెన్నడో చదివి చెప్పుమని మమ్ము గోరినది.