దాహం లెక్క

తెలుగులో పిల్లి ఎప్పుడూ పాలే తాగుతుంది. కళ్ళు మూసుకుని, తననెవరూ చూడట్లేదనుకుంటూ తాగుతుంది. తెనాలి రామకృష్ణుడి ఇంట్లో అయితే ఒకసారి మూతి కాల్చుకుని, ఇక జన్మలో పాలగిన్నె మొహం చూడనంటుంది. సామెతల్లో, కథల్లో నేనెంత వెతికినా నీళ్ళు తాగే పిల్లి కనిపించలేదు. కథలు కట్టినవాళ్ళని అనడానికేం లేదు. పిల్లి నీళ్ళు తాగుతుండగా చూసినవాళ్ళే తక్కువ. ఆ మాటకొస్తే ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు పడవు కూడా. లాక్టోజ్ అరగక విరేచనాలు పట్టుకుని, ఒంట్లో ఉన్న నీరు కాస్తా పోతుంది.

మా ఇంట్లో ఉన్న పిల్లి పేరు చారు. ఒంటి మీద చారలున్నాయి కాబట్టి చారు, అంతకుమించి అర్థం లేదు. వయసు 13. "పేరేమో చారు, చుక్క నీళ్ళు ముట్టదు" అని నాన్న వేళాకోళం. రెండేళ్ళుగా దీని దాహం, నాన్న దాహం రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి. ఇద్దరికీ కిడ్నీ జబ్బే. ఒకరికి నీళ్ళు పెంచమన్నారు, ఇంకొకరికి తగ్గించమన్నారు. విశాఖలో రెండు గదుల ఫ్లాటు, ఒకటే వంటిల్లు, అందులో రెండు కొలగ్లాసులు.

పిల్లికి అసలు దాహమెందుకు తక్కువో అర్థం కావాలంటే ఎడారి దాకా వెళ్ళాలి. ఇవాళ మన సోఫాలు చీరుతున్న పిల్లులన్నీ ఆఫ్రికా అడవిపిల్లి సంతానం. పశ్చిమాసియాలో మనుషులు పంటలు పండించి గాదెలు నింపడం మొదలెట్టాక, ఎలుకల వెంటపడి ఊళ్ళలోకి వచ్చిన జాతి అది. నీటిగుంట ఎక్కడో గానీ దొరకని చోట బతికిన జంతువు. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే, అంటే పిల్లికి భోజనమూ మంచినీళ్ళూ ఒకే పళ్ళెంలో వచ్చేసేవి. పైగా దాని కిడ్నీలు గట్టివి. మనిషి కిడ్నీ చేయగలిగిన దానికి రెట్టింపు కంటే చిక్కగా మూత్రాన్ని తయారుచేసి, మిగిలిన నీటిని ఒంట్లోనే దాచేస్తాయి. 1959లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో పిల్లులకి నీళ్ళ గిన్నె లేకుండా వట్టి చేపలూ మాంసమూ పెట్టి చూశారు. ఆ తిండిలో ఉన్న నీటితోనే అవి నెట్టుకొచ్చేశాయి. మా ఊరి ఫిషింగ్ హార్బర్లో వలల కింద, ఐసు పెట్టెల పక్కన తిరిగే బలిసిన పిల్లుల్ని చూస్తే నాకా ప్రయోగమే గుర్తొస్తుంది.

తిండి మారినా దాహం మారకపోవడమే తంటా. ప్యాకెట్లో వచ్చే గింజల తిండిలో నీరు పది శాతం లోపే. గింజలు తిన్న పిల్లి కాస్త ఎక్కువ నీళ్ళు తాగుతుంది, నిజమే. కానీ తడి తిండిలో వచ్చే నీటిని పూర్తిగా భర్తీ చేసుకునేంత తాగదు. ఎడారి నాటి దాహంతో ఫ్లాట్లలో బతుకుతున్నాయి పాపం. ఇక్కడే మగపిల్లి ఉన్నవాళ్ళకి ఒక మాట. వాటి మూత్రనాళం సన్నం. మూత్రం చిక్కబడి, స్ఫటికాలు కట్టి అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. మట్టి పెట్టెలోకి పదేపదే వెళ్ళి ముక్కుతూ, చుక్క కూడా పోయకుండా బయటికొస్తుంటే తెల్లారేదాకా ఆగకూడదు.

అది తాగే పద్ధతి మాత్రం ఎంతసేపు చూసినా తనివి తీరదు. కుక్క నాలుకని వెనక్కి గరిటెలా మడిచి, ఇల్లంతా చిందిస్తూ నీళ్ళు తోడుకుంటుంది. పిల్లి అలా తోడుకోదు. 2010లో పెద్రో రీస్, సంగ్‌హ్వాన్ జంగ్, జెఫ్రీ అరిస్టాఫ్, రోమన్ స్టాకర్ అనే నలుగురు దీన్ని హైస్పీడ్ కెమెరాతో తీసి 'సైన్స్' పత్రికలో రాశారు. స్టాకర్‌కి ఈ సందేహం పొద్దున్నే టిఫిన్ తింటూ తన పిల్లి కుట్టా కుట్టాని చూస్తుంటే వచ్చిందట. పిల్లి నాలుక కొసతో నీటిని అలా తాకి వదిలేస్తుంది. నాలుక చటుక్కున పైకి లేచేటప్పుడు దాని వెంటే సన్నటి నీటి స్తంభం లేస్తుంది. ఆ స్తంభం ఊపుకొద్దీ పైకి పోతుంటే భూమి కిందికి లాగుతుంటుంది. లాగుడు గెలిచే లోపే పిల్లి నోరు మూసేస్తుంది. ఇదంతా సెకనుకి సుమారు నాలుగుసార్లు. ఒక్కో గుక్కకి దక్కేది అటూఇటూగా 0.1 మి.లీ. అంటే చిన్న టీ గ్లాసుడు నీళ్ళు, ఒక వంద మి.లీ. తాగాలంటే వెయ్యిసార్లు నాలుక ఆడించాలి, ఆపకుండా నాలుగు నిమిషాలు. అర్ధరాత్రి బాత్రూంలోంచి తప్‌తప్‌మని వినిపిస్తే పడుకునే లెక్కపెడతాను. అరనిమిషం వినబడిందంటే పది, పన్నెండు మి.లీ. లోపలికెళ్ళినట్టు.

చారు జబ్బు ఏటా చేయించే రక్తపరీక్షలో బయటపడింది. రిపోర్టులో క్రియాటినిన్ ఎక్కువుంది. పిల్లుల్లో ఆ అంకె పెరిగేసరికి కిడ్నీల పనిలో సుమారు మూడొంతులు పోయినట్టే లెక్క. ఎస్‌డీఎంఏ అనే ఇంకో పరీక్ష కాస్త ముందే పసిగడుతుంది. దెబ్బతిన్న కిడ్నీ మొదట పోగొట్టుకునేది ఆ ఎడారి విద్యనే. మూత్రాన్ని చిక్కబరచలేదు, పల్చటి నీళ్ళలా వదిలేస్తుంది. పోయిన నీటి కోసం పిల్లి గిన్నె చుట్టూ తిరగడం మొదలెడుతుంది. "మా పిల్లి ఈమధ్య నీళ్ళు భలే తాగుతోంది" అని ఎవరైనా మురిసిపోతూ చెబితే నాకు గుండె జారుతుంది. ముసలి పిల్లి బాగా తాగుతోందంటే కిడ్నీయో, షుగరో, థైరాయిడో చూపించుకోవాలి. ఎంత తాగినా పోయేదాన్ని అందుకోలేదు కూడా.

నాన్నది దీనికి అటుచివర. డయాలసిస్ దాకా వచ్చాక ఆయనకి మూత్రం దాదాపు రావడం లేదు. లోపలికెళ్ళిన ప్రతి గుక్కా కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో కూర్చుంటుంది, వారానికి మూడుసార్లు మిషను తోడేసేదాకా. రోజుకి 800 మి.లీ. దాటొద్దన్నారు. మాది ఉద్దానం, కవిటి వైపు. కొబ్బరి, జీడితోటల సీమ. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి పేపర్లు చదివేవాళ్ళకి కొత్త కాదు. భూగర్భజలాన్ని, పురుగుమందుల్ని, తోటల్లో ఎండకి ఒళ్ళు ఎండిపోవడాన్ని అన్నింటినీ అనుమానించారు గానీ కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఊళ్ళకి కొత్త మంచినీళ్ళ పథకం మొదలయ్యాయి. నాన్న అప్పటికే నా దగ్గరికి వచ్చేశాడు. కొబ్బరిచెట్ల కింద పుట్టి పెరిగిన మనిషికి ఇప్పుడు కొబ్బరినీళ్ళు నిషిద్ధం, పొటాషియం ఎక్కువని.

అందుకే మా ఇంట్లో దాహం అంటే అంకెలు. నాన్న లెక్కలో తిండిలోని నీరు తీసివేత. పొద్దున కాఫీ 100, ఇడ్లీలోకి సాంబారు 60, మజ్జిగ ఇంకో వంద. పుచ్చకాయ ముక్క నోట్లో పెట్టుకుంటే అదీ నీళ్ళే. అన్నంలోకి చారు (నాన్న భాషలో 'అసలు చారు') వారానికోసారే. చారు లెక్కలో అదే నీరు కూడిక. పిల్లికి రోజుకి కిలోకి దాదాపు 50 మి.లీ. కావాలి, తిండితో కలిపి. ఇది 3.6 కిలోలుంటుంది కాబట్టి 180. గింజలు 50 గ్రాములు పెడితే అందులోంచి వచ్చేది నాలుగైదు మి.లీ. డాక్టరు రాసిన తడి తిండి 80 గ్రాముల సాచెట్లు రెండు పెడితే దాదాపు 130. దాంట్లో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపి పల్చన చేస్తే 150 దాటుతుంది. మిగిలింది గిన్నె చూసుకుంటుంది. జబ్బు పిల్లికి ఆ 180 కూడా చాలదు, అది వేరే సంగతి. ఏదేమైనా, పిల్లికి నీళ్ళు తాగించడమంటే సగానికి పైగా నీళ్ళు తినిపించడమే. ఒక్కోసారి ఉడికించిన కోడిమాంసం నీళ్ళు కూడా పోస్తాను. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండినప్పుడే, ఉల్లి వెల్లుల్లి వాటికి విషం.

గిన్నెల విషయంలో మార్కెట్లో నానా సిద్ధాంతాలున్నాయి. మీసాలు అంచుకి తగిలితే పిల్లి అలిసిపోతుందన్న మాట నాకు అంతగా ఎక్కలేదు. ఫౌంటెన్ కొన్నాను, వారం రోజులు అది గుర్రుమంటుంటే చారు దూరంగా కూర్చుని కాపలా కాసింది. మామూలు గిన్నెనీ ఫౌంటెన్‌నీ పోల్చిన పరిశోధనల్లో కూడా పెద్ద తేడా కనిపించలేదు, ఒక్కో పిల్లికి ఒక్కో పిచ్చి. చివరికి దీనికి నచ్చినవి మూడు: బాత్రూంలో నిండా నింపిన బకెట్, బాల్కనీలో తులసికుండీ పక్కన మట్టి మూకుడు, నాన్న మంచం కింద పింగాణీ గిన్నె. ఆ మూడోది నేను పెట్టింది కాదు. నాన్నే పెట్టించుకున్నాడు.

పెట్టించుకున్నాడే గానీ, దాన్ని నింపుతున్నప్పుడల్లా నాతో ఒకటే గొడవ. "ఏటే, అది వొద్దన్నా పోస్తావు, నాను అడిగినా పొయ్యవు. ఇదేటి నాయమే?" మొదట్లో సోడియం గురించీ, ఊపిరితిత్తుల గురించీ చెప్పేదాన్ని. ఆయనకి అవన్నీ నాకంటే బాగా తెలుసు. న్యాయం గురించి అడిగితే నేను ఫిజియాలజీ చెబుతున్నాను. ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు. నీళ్ళిచ్చి పుక్కిలించి ఉమ్మమంటాను, ఆయన ఉమ్ముతాడు, మింగలేదని నేను నమ్ముతాను.

సోమ, బుధ, శుక్రవారాలు నాన్నకి డయాలసిస్. నాలుగు గంటల్లో రెండు, రెండున్నర లీటర్లు తోడతారు. మంగళ, గురు, శని రాత్రుళ్ళు చారుకి సెలైన్. నిజానికది రింగర్ లాక్టేట్, కానీ మన ఇళ్ళలో సీసాలోంచి వేలాడే ప్రతిదీ సెలైనే. సీసాని కాసేపు వేణ్ణీళ్ళ మగ్గులో ఉంచి, కర్టెన్ కొక్కేనికి తగిలిస్తాను. చారుని నాన్న ఒళ్ళో తువ్వాలు మీద కూర్చోబెడతాం. భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకి లాగి, కింద సూది గుచ్చి, పైపు తెరవాలి. వంద మి.లీ. దిగడానికి పది నిమిషాలు. చర్మం కింద నీరు బుడ్డలా ఉబ్బుతుంది, ఒక్కోసారి ముందుకాలి వైపు జారుతుంది, కొన్ని గంటల్లో ఒంటికి పట్టేస్తుంది. ఈ పదినిమిషాలూ అది కదలకుండా ఉండేది నాన్న చేతుల్లోనే. ఆయన ఎడమచేతి ఫిస్టులా దగ్గర సర్రుమంటూ రక్తం పారే సవ్వడి ఉంటుంది, వేలు పెడితే తెలుస్తుంది. చారు ఎప్పుడూ తల అక్కడే ఆనిస్తుంది. మొదటిసారి సూది చూసి నాన్న నంబరడిగాడు. పద్దెనిమిది అన్నాను. "నాది పదారు. దీనిదే సన్నం" అన్నాడు, కొంచెం గర్వంగా.

చారుకి ఇది నయమయ్యేది కాదు. డాక్టరమ్మ చెప్పిన గడువు దాటి ఏడు నెలలైంది. నాన్న గురించి ఎవరూ గడువులు చెప్పరు, మనుషుల డాక్టర్లు ఆ విషయంలో మర్యాదస్తులు.

ఆదివారం ఇంట్లో ఎవరికీ సూదులు లేవు. కానీ నాన్నకి కష్టమైన రోజు అదే. శుక్రవారం తర్వాత మళ్ళీ సోమవారం దాకా మిషను లేదు, నీళ్ళు ఇంకా బిగబట్టాలి. అందుకని ట్రేలో ఐసుముక్కలు పెడతాను, ఒక్కోటి పది మి.లీ. గుక్కలో అయిపోయేది ముక్కగా అయితే ఐదు నిమిషాలు నోట్లో ఉంటుంది. మొన్న ఆదివారం సాయంత్రం ఉక్కపోతకి ఇద్దరూ బాల్కనీలో ఉన్నారు. ఆయనకి ఆ పూటకి మూడు ముక్కలు. రెండు చప్పరించి మూడోది నేలమీద జార్చాడు. చారు దాన్ని పంజాతో ఒకటి కొట్టింది, గోడదాకా తరిమింది, మళ్ళీ తెచ్చింది, తడిసిన పంజాని చాలాసేపు నాకింది. తర్వాత వంగి నేలమీది తడిని కూడా నాకింది.

"ఆ ముక్క నా లెక్కలో రాయకు" అన్నాడు నాన్న.

ఫ్రిజ్ మీద కాగితంలో నాన్న గడిలోంచి పది కొట్టేసి, చారు గడిలో రాశాను. సగం నేలమీదే పోయింది గానీ మొత్తం పదీ రాశాను.