పళ్ళ స్కాన్‌లో గురక జబ్బు తేలుతుందా?

గురక పెట్టి పడుకున్న మనిషిని చూసి "అదృష్టవంతుడు, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు" అనుకుంటాం. అసలు సంగతి పక్కన పడుకున్న ఇల్లాలిని అడగండి. గురక ఉన్నట్టుండి ఆగుతుంది. కొన్ని క్షణాలు ఊపిరే ఉండదు. తర్వాత ఉలిక్కిపడి గాలి పీల్చుకుని మళ్ళీ గురక మొదలుపెడతాడు. ఇదే స్లీప్ ఆప్నియా.

నేను దంతవైద్యుణ్ణి. ఆ మధ్య ఒక బస్సు డ్రైవరు ఇంప్లాంటు కోసం తీయించుకున్న స్కాన్ పట్టుకొచ్చాడు. "ఇందులో గొంతు వెడల్పుగానే ఉందన్నారండీ. ఇక నాకు గురక జబ్బు లేనట్లేగా?" అని అడిగాడు. స్టీరింగు ముందు కునుకు వస్తోందని అతని భార్య చెప్పింది. అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

కోన్ బీమ్ సి.టి. యంత్రం తల చుట్టూ తిరిగి దవడ ఎముకలనూ, వాటి వెనక గాలి పోయే దారినీ చూపిస్తుంది. దారి ఎక్కడ ఇరుకో, కింది దవడ ఎంత వెనక్కి ఉందో తెలుస్తుంది. కాని అప్పుడు మీరు మేలుకుని ఉంటారు. సాధారణంగా కూర్చునో, నిలబడో ఉంటారు. జబ్బు వచ్చేది నిద్రలో! నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. పగలు వెడల్పుగా ఉన్న దారి రాత్రి మూసుకుపోవచ్చు. దారి ఇరుకుగా ఉన్నా జబ్బు లేనివారూ ఉన్నారు. ఈ జబ్బును తేల్చడానికి ఇలాంటి స్కాన్‌ను వాడకూడదని అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లో స్పష్టంగా చెప్పింది.

జబ్బును తేల్చేది నిద్ర పరీక్ష. కనీసం 10 సెకండ్లపాటు ఊపిరి ఆగడం, లేదా బాగా తగ్గడం గంటకు ఎన్నిసార్లు జరుగుతోందో అందులో లెక్కిస్తారు. పెద్దవారిలో 5 లోపు ఉంటే భయం లేదు. 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. మా డ్రైవరుది తీవ్రమైనదే అని తేలింది. ఇప్పుడు రాత్రిళ్ళు ముక్కుకు మాస్కు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రం వాడుతున్నాడు.

మరి స్కాన్ దండగా? కాదు. జబ్బు తేలాక దవడ ఆపరేషను చేయాలంటే అది పనికొస్తుంది. వేరే పని మీద తీసిన స్కాన్‌లో దారి ఇరుకుగా కనిపిస్తే మేము మిమ్మల్ని హెచ్చరించవచ్చు. జబ్బు తీవ్రంగా లేనివారికి, మాస్కు సరిపడనివారికి కింది దవడను ముందుకు నిలిపే పళ్ళ పరికరం కూడా ఉంది. అంతేగాని కేవలం గురక కోసమని స్కాన్ తీయించుకోకండి. పిల్లలకైతే అసలే వద్దు. ఎక్స్‌రే కిరణాలు ఊరికే ఒంట్లోకి పంపుకోవడం దేనికి?

గురకతోపాటు పగటి కునుకు, ఉదయం తలనొప్పి, తగ్గని రక్తపోటు ఉంటే ఫిల్మును బీరువాలో పెట్టి, ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి.